డిలీట్ అయిన ఫైళ్ల కోసం వెంటనే ప్లగ్గు పీకాలా, వద్దా?

ఫొటో స్టూడియో: మా ఉబుంటు లినక్స్ కంప్యూటర్‌లో ఒక పెళ్లి ఫోల్డరు మొత్తం పోయింది. ట్రాష్‌లోకి కాదు, టెర్మినల్‌లో ఫైళ్లను నేరుగా తీసేసే ఆర్ఎం కమాండుతో. హార్డ్ డిస్కు, దానిలో ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. యంత్రం ఇంకా ఆన్‌లోనే ఉంది. ఒకరు ప్లగ్గు పీకమంటున్నారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాత డిస్కు: పీకేయండి. డిలీట్ అంటే డేటాను తుడిచేయడం కాదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో అయితే ఆ ఫైలు రికార్డు ఖాళీ అని గుర్తు పడుతుంది, అంతే. అసలు సరుకు మరొకటి వచ్చి దాని మీద కూర్చునే వరకు అక్కడే ఉంటుంది. యంత్రం నడుస్తున్నంత సేపూ లాగ్‌లు, బ్రౌజర్ కాష్ రాసుకుంటూనే ఉంటాయి. పద్ధతిగా షట్‌డౌన్ చేసినా పోతూ పోతూ నాలుగు ముక్కలు రాసే పోతుంది. పైగా ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 సెకన్లకోసారి మార్పులను డిస్కుకు ఎక్కిస్తుంది. ఆలోపే కరెంటు పోతే డిలీట్ జరగనట్టే!

సర్వర్ల కాపరి: 5 సెకన్లలో తేరుకునేది ఎవరండీ? అయ్యో అనుకునేసరికే ఆ గడువు దాటిపోతుంది. నా అభ్యంతరం వేరే. లినక్స్‌లో ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోయినా ఫైలు పోదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డరులో ఆ ప్రోగ్రామ్ నంబరు కింద, అది తెరిచిన ఫైళ్లు కనిపించే ఎఫ్‌డీలోకి వెళ్లి, వేరే డిస్కుకు కాపీ చేసుకోవచ్చు. మీరు ప్లగ్గు పీకారనుకోండి, మళ్లీ మౌంట్ చేసినప్పుడు (డిస్కును వాడకానికి తెరిచినప్పుడు) ఈఎక్స్‌టీ4 అలాంటి అనాథ ఫైళ్లను వెతికి మరీ శుభ్రం చేస్తుంది. చేతికందిన దాన్ని మనమే పారబోసినట్టు అవుతుంది. కాబట్టి ముందు ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును పట్టుకుందో చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండుతో చూడాలి, ఆ తర్వాతే ప్లగ్గు.

పాత డిస్కు: డేటాబేస్‌కైతే మీ మాట ఒప్పుకుంటాను. పెళ్లి ఫొటోలు వందల్లో ఉంటాయి, వాటన్నిటినీ ఏ ప్రోగ్రామ్ తెరిచి కూర్చుంటుంది?

సర్వర్ల కాపరి: ఫొటోలు సరే. ఎడిటింగ్‌లో ఉన్న వీడియో? అది చూసుకోవడానికి ఒక్క కమాండు చాలు. ఇంకొకటి, పీకాక చాలామంది చేసే పని చెబుతాను. లైవ్ యూఎస్‌బీతో (పెన్ డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌తో) బూట్ చేసి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. రీడ్ ఓన్లీ అన్నా ఈఎక్స్‌టీ4 మిగిలిన జర్నల్‌ను, అంటే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను, డిస్కుకు ఎక్కిస్తుంది. నోలోడ్ అనే ఆప్షన్ కూడా పెడితేనే ఆగుతుంది. ఎక్స్‌ట్‌అన్‌డిలీట్ లాంటి రికవరీ ప్రోగ్రామ్‌లు పాత ఐనోడ్ (ఫైలు డేటా ఎక్కడుందో చెప్పే రికార్డు) ప్రతులను వెతికేది ఆ జర్నల్‌లోనే. అసలు మౌంట్ చేయకుండా డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తం ఇమేజ్ (అచ్చు ప్రతి) తీసి, దాని నకలు మీద పని చేయడం మేలు.

నైట్ షిఫ్ట్: ఇది హార్డ్ డిస్కు కాబట్టి మీరిద్దరూ ఇంత సేపు వాదించుకోగలుగుతున్నారు. విండోస్ 7 నుంచి ఎస్ఎస్‌డీలకు డిలీట్ అవగానే ట్రిమ్ (ఈ చోటులోని డేటా ఇక అక్కర్లేదనే సూచన) వెళుతుంది. ఆ తర్వాత చదివితే చాలా డ్రైవ్‌లలో వచ్చేవి సున్నాలే. ఉబుంటులో మాత్రం ట్రిమ్ సాధారణంగా వారానికోసారి, టైమర్ మీద నడుస్తుంది. ఎస్ఎస్‌డీ అయితే నేను మొదట ఆపేది ఆ టైమర్‌ను.

పాత డిస్కు: స్టూడియో వారూ, కెమెరా కార్డులు ఎక్కడున్నాయి?

ఫొటో స్టూడియో: రెండు కార్డులండీ. ఒకదాన్ని ఫార్మాట్ చేశారు కానీ మళ్లీ వాడలేదు. రెండోది నిన్నటి నిశ్చితార్థంలో నిండింది.

పాత డిస్కు: అయితే మొదటి కార్డుకు లాక్ మీట ఉంటే వేసి, పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ నడపండి. దొరికినవి వేరే డిస్కులో పెట్టండి. పేర్లు పోతాయి, ఫొటోలు చాలావరకు వస్తాయి. పెద్ద వీడియోలు ముక్కలై ఉంటే ఆశ తక్కువ. రెండో కార్డు ఫొటోల కోసం మాత్రం హార్డ్ డిస్కునే నమ్ముకోవాలి. అది ఇంకా నడుస్తూనే ఉందా?

సర్వర్ల కాపరి: ఎల్ఎస్ఓఎఫ్ చూశారా, లేదా? అది చెప్పండి ముందు.

ఫొటో స్టూడియో: చూశాను. ఒక వీడియో ఫైలు పక్కన డిలీటెడ్ అని చూపిస్తోంది, ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఇంకా పట్టుకునే ఉంది. ఫొటోలు ఒక్కటీ లేవు.

సర్వర్ల కాపరి: ఆ ప్రోగ్రామ్‌ను మూయకండి. వీడియోను బయటి డిస్కుకు కాపీ చేసుకుని, తెరిచి చూసుకున్నాక ప్లగ్గు పీకండి.

పాత డిస్కు: పీకమనే కదా నేనూ చెప్పింది.