శత్రు దేశాలతో చర్చలు: ఉపయోగమా, దండగా?

పటమట రవి:
2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపారు. అందులో మన రాష్ట్రం వాళ్లూ ఉన్నారు. సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టాం, అటారీ చెక్‌పోస్టు మూసేశాం. ఇంత జరిగాక కూడా పాకిస్తాన్‌తో మాట్లాడాలని కొందరు అంటున్నారు. నాకైతే దండగ అనిపిస్తోంది. మీరేమంటారు?

మాజీ హవల్దార్ (గుంటూరు):
ముమ్మాటికీ దండగే. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి గారు బస్సులో లాహోర్ వెళ్లి ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చారు. మే నెలకల్లా కార్గిల్ కొండల మీద వాళ్ల సైన్యం తేలింది. 527 మందిని పోగొట్టుకున్నాం. అప్పుడు నేను ద్రాస్‌లో ఉన్నాను, పేపర్లో చదివి చెప్పడం లేదు.

బ్రాడీపేట మాస్టారు:
హవల్దార్ గారూ, కార్గిల్ జరిగిన నాలుగేళ్లకే, 2003 నవంబర్‌లో, అదే వాజ్‌పేయి గారి హయాంలో నియంత్రణ రేఖ దగ్గర కాల్పులు ఆపుదామని ఒప్పుకున్నారు. తర్వాత కొన్నేళ్లు సరిహద్దు ఊళ్లవాళ్లు పొలాల్లోకి వెళ్లగలిగారు. అది మాట్లాడితేనే కదా వచ్చింది.

మాజీ హవల్దార్:
నేను కార్గిల్ గురించి అడిగాను. లాహోర్ వెళ్లి ఏం సాధించాం?

సత్యనారాయణపురం కుర్రాడు:
ముంబై మీద దాడి మొదలైన రోజు, 2008 నవంబర్ 26న, వాళ్ల విదేశాంగ మంత్రి చర్చల కోసం ఢిల్లీలోనే ఉన్నాడు. ఇంకేం చెప్పాలి?

మిర్చి యార్డు శేషు:
ఎంతసేపూ పాకిస్తానేనా? చైనా సంగతి కూడా చూడండి. మన తేజ రకం మిర్చికి పెద్ద గిరాకీ వాళ్లదే. 2020లో లద్దాఖ్ సరిహద్దులో గాల్వాన్ గొడవప్పుడు నా టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. కొంటానని మాటిచ్చిన ఎగుమతి వ్యాపారి ఫోన్ ఎత్తడం మానేశాడు. అద్దె పెరుగుతూ పోయింది, కాయ రంగు తగ్గింది, చివరికి అయినకాడికి అమ్ముకున్నాను. రెండు దేశాలూ త్వరగా కూర్చుని తేల్చుకుంటే నాలాంటి వాళ్లు బతుకుతారు.

మాజీ హవల్దార్:
ఆ గాల్వాన్ కథే చెప్తాను వినండి. 2020 జూన్ 6న కమాండర్లు కూర్చుని వెనక్కి తగ్గుదాం అనుకున్నారు. 15 రాత్రి మన వాళ్లు 20 మంది చనిపోయారు. కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. మీకు టిక్కీలు గుర్తొస్తున్నాయి.

మిర్చి యార్డు శేషు:
దెప్పిపొడవొద్దు. మా బాబాయి కొడుకు కూడా ఆర్మీలోనే ఉన్నాడు. 2024 అక్టోబర్‌లో అదే లద్దాఖ్ సరిహద్దులోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీకి మళ్లీ దారి దొరికిందంటే మాట్లాడబట్టే.

పటమట రవి:
కొంచెం తగ్గండి ఇద్దరూ.

మాజీ హవల్దార్:
ఎందుకు తగ్గాలి? నా పక్కనే పడిపోయిన కుర్రాడి తల్లి ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంది. టీవీలో ఇద్దరు నాయకులు చేతులు కలుపుకోవడం చూస్తే, "మావాడి సంగతి మర్చిపోయారా నాయనా" అని అడుగుతుంది. ఆవిడకి నేనేం చెప్పను మాస్టారూ? మనం వెళ్లి కూర్చుంటే, చేసిందంతా మాఫీ అయిపోయిందని వాళ్లు అనుకుంటారు. నా బాధ అది.

బ్రాడీపేట మాస్టారు:
ఆ తల్లికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. కానీ మాది శ్రీకాకుళం తీరం. 2018 నవంబర్‌లో గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికెళ్లిన మా వైపు మత్స్యకారుల్ని పట్టుకెళ్లి కరాచీ జైల్లో పెట్టారు. వాళ్ల ఆడవాళ్లు చంకలో బిడ్డల్ని వేసుకుని, చేతిలో ఆధార్ జిరాక్సులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. మధ్యలో పుల్వామా దాడి, బాలాకోట్ మీద మన విమానాల దాడి, కాశ్మీర్ 370 అధికరణం రద్దు. రెండు వైపులా హైకమిషనర్లు కూడా లేరు. అయినా కింది అధికారులు మాట్లాడుతూనే ఉన్నారు కాబట్టి 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చారు. ఆ తలుపు కూడా మూసేయమంటారా?

మాజీ హవల్దార్:
ఖైదీల జాబితాలు ఏటా జనవరి 1న, జూలై 1న మార్చుకుంటారని నాకూ తెలుసు. దానికి నేను అడ్డు చెప్పను. ప్రధానులు ఎదురెదురుగా కూర్చోవడానికే ఒప్పుకోను. ముంబై దాడి వెనకున్న వాళ్లని అప్పగించాకే అది.

బ్రాడీపేట మాస్టారు:
అప్పగించమని గట్టిగా అడగాలన్నా పై స్థాయిలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదండీ.

మాజీ హవల్దార్:
2009 జనవరిలో సాక్ష్యాలన్నీ ఫైలు కట్టి ఇచ్చాం. ఆ తర్వాత ఎన్నిసార్లు కూర్చున్నా పాకిస్తాన్ ఒక్కడిని అప్పగించిందా?