మారిషస్‌లోని ‘అప్పడు’ కుటుంబం ఏ ఊరిది?

ప్రశ్న (పోర్ట్ లూయిస్ నుంచి):
నమస్కారం. మేము మారిషస్‌లో ఆరవ తరం తెలుగువాళ్లము. మా కాగితాలన్నిటిలోనూ ఇంటిపేరు ‘అప్పడు’ అనే ఉంది. ఓడ దిగిన మా పూర్వీకుడు విశాఖపట్నం జిల్లావాడని మా నాయనమ్మ చెప్పేది. మా పెదనాన్నగారు మాత్రం గంజాం జిల్లా అంటారు, కాబట్టి మనం అసలు ఒడిశావాళ్లమేమో అని కూడా సందేహపడుతుంటారు. అప్పడు అనే ఇంటిపేరు గలవారు ఆంధ్రలో ఏ ఊళ్లలో ఉన్నారో దయచేసి తెలుపగలరా?

జవాబు (శ్రీకాకుళం నుంచి):
అయ్యా, అది ఇంటిపేరు కాకపోవచ్చు. చెరకు తోటల పనికి ఓడల్లో మారిషస్ తీసుకువెళ్లిన కూలీల పట్టీలలో మనిషి పేరు, తండ్రి పేరు రాసుకున్నారే గాని మన ఇంటిపేరుకు సాధారణంగా చోటివ్వలేదు. ఆ తరువాత పుట్టిన పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. మా ప్రాంతంలో సింహాచలం అప్పన్న మీద భక్తితో అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు అని పేర్లు పెట్టుకోని ఊరు అరుదు, అప్పడు కూడా ఆ కోవలోదే కావచ్చునని నా నమ్మకం.

ఇక జిల్లా సంగతి. మీ నాయనమ్మగారి మాట, పెదనాన్నగారి మాట రెండూ ఒకే ఊరిని గురించినవి కావచ్చు. అప్పట్లో శ్రీకాకుళం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు, 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. గంజాం అన్నంత మాత్రాన ఒడియావారని అనుకోనక్కరలేదు.

జవాబు (మారిషస్‌లోని మోకా నుంచి):
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కాని ఒక్క పేరునే ఆధారం చేసుకోవద్దు. తమిళుల అప్పాదురై కూడా ఇక్కడి రాతల్లో కురచబడి ఉండవచ్చు. మీకు కావలసినది వలస సంఖ్య. ఓడ దిగిన ప్రతి కూలీకి ఒక సంఖ్య ఇచ్చారు, తొలి తరంవారి పెళ్లి, మరణ పత్రాలలో తరచుగా దానిని కూడా రాశారు. మీ పుట్టుక పత్రం మొదలుకొని ఒక్కొక్క తరమే వెనక్కి వెళ్లండి. సంఖ్య దొరికితే మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థవారి వలస దస్త్రాలలో ఓడ పేరు, జిల్లా, ఊరు చూడవచ్చు. ఊరి పేరును గుమాస్తాలు చెవికి వినబడినట్లు రాశారు, అందుచేత దానిని కళ్లతో చదవడం కంటే పైకి పలికి, శ్రీకాకుళంవారికి వినిపించడం మేలు.

ప్రశ్న అడిగినవారు:
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. నాయనమ్మ పెట్టెలో పాత పెళ్లి పత్రం ఒకటి ఉంది. అందులో వరుని తండ్రి పేరు పక్కన ఆరంకెల సంఖ్య ఉంది. ఇన్నాళ్లూ మేము దానిని రసీదు సంఖ్య అనుకున్నాము.