వాట్సాప్ సందేశం ఎవరి దగ్గర మొదలైందో సంస్థ చెప్పి తీరాలా?

గౌతమీతీరం (చర్చ ప్రారంభించినవారు)

2021 ఫిబ్రవరి 25న కేంద్రం నోటిఫై చేసిన ఐటీ నిబంధనల్లోని 4(2) మీద సభ్యుల అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చ పెడుతున్నాను. దేశంలో 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న మెసేజింగ్ సంస్థ ఏదైనా సరే, కోర్టు గానీ, ఐటీ చట్టం 69వ సెక్షన్ (ప్రభుత్వానికి ఆన్‌లైన్ నిఘా అధికారాన్నిచ్చేది) కింద అధికారం ఉన్నవారు గానీ ఆదేశిస్తే, ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినదెవరో చెప్పగలిగి ఉండాలన్నది దాని సారాంశం. అదే ఏడాది మే నెలలో వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. 2024 ఏప్రిల్‌లో విచారణ జరిగినప్పుడు, పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఇంకెవరూ చదవలేకుండా సందేశాన్ని సంకేతాల్లోకి మార్చే ఎన్‌క్రిప్షన్‌ను ఛేదించమంటే తాము దేశం వదిలి వెళ్లాల్సి వస్తుందని సంస్థ న్యాయవాది కోర్టుకు విన్నవించారు.

నేను క్రిమినల్ కేసులు వాదించే వకీలును, నిబంధన ఉండాల్సిందేనన్నది నా అభిప్రాయం. 2018 జూలైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్న అనుమానంతో హైదరాబాద్ యువకుడొకరిని గుంపు కొట్టి చంపింది. ఆ రోజుల్లో అలాంటి వదంతుల వీడియోలు ఊరూరా గ్రూపుల్లో తిరిగాయి. కొట్టినవాడిని పట్టుకోవచ్చు, మరి వదంతి పుట్టించినవాడి సంగతేమిటి? అమ్మాయిల ఫొటోలు మార్ఫింగ్ చేసిన కేసుల్లోనూ ఇదే తంతు. స్టేషన్‌లో కూర్చోబెట్టిన ప్రతి కుర్రాడూ "నాకు వేరే గ్రూపులో వచ్చింది సార్, ఇటు పంపానంతే" అంటాడు. నాలుగైదు ఫోన్లు వెనక్కి వెళ్లేసరికి ఎవరో హ్యాండ్‌సెట్ అమ్మేసిన చోటో, చాట్ క్లియర్ చేసిన చోటో ఆ గొలుసు తెగిపోతుంది.

బిట్లు_బైట్లు

వకీలు గారు చెప్పిన ఇబ్బందిని కాదనను, కానీ నిబంధన కోరుతున్న పని యంత్రం లోపల ఎలా జరగాలో ఒకసారి చూడాలి. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి అన్ని సందేశాలకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ వాడుతోంది. రెండు ఫోన్లు పబ్లిక్ కీలను, అంటే ఎవరి కంటబడినా ఫర్వాలేని సంఖ్యలను, మార్చుకుని, వాటినుంచి ఒక ఉమ్మడి రహస్యాన్ని ఎవరికి వారే లెక్కగట్టుకుంటాయి. ఆ రహస్యం మాత్రం దారిలో ఎక్కడా ప్రయాణించదు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే గూఢలిపి పరిశోధకులు ప్రకటించిన పద్ధతికి ఇది మెరుగుపరచిన రూపం. ఆపైన సందేశం సందేశానికీ కీ మారిపోతుంది, వాడేసిన కీని ఫోన్ చెరిపేస్తుంది. కాబట్టి "రేపు సెలవు" అనే ఒకే వాక్యాన్ని మీరు పదిమందికి పంపితే, సర్వర్‌కు కనబడేవి ఒకదానితో ఒకటి పోలిక లేని పది గజిబిజి అక్షరాల ముద్దలు. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది సర్వర్‌కు తెలుస్తుంది, ఏది దేనికి ఫార్వర్డో తెలియదు.

దీనికి విరుగుడుగా ముందుకు వచ్చిన ప్రతిపాదనల్లో ఒకటి ప్రతి సందేశానికీ ఒక హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి దాచడం. వాక్యం చివర ఒక చుక్క పెడితే చాలు, ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. ఫొటో అంచు కాస్త కత్తిరించినా అంతే. దురుద్దేశంతో పంపేవాడికి ఇది అర నిమిషం పని. 2019లో ఇదే విషయమై మద్రాసు హైకోర్టు ముందు ఐఐటీ మద్రాస్ ఆచార్యులు కామకోటి గారు, పంపినవారి గుర్తింపును సందేశంతోపాటే జతచేయవచ్చన్నారు. ఐఐటీ బొంబాయి ఆచార్యులు మనోజ్ ప్రభాకరన్ గారు దానితో విభేదించారు. ఆయన ఆక్షేపణ నాకు బలంగా కనిపిస్తుంది: యాప్‌ను మార్చి వాడగలిగినవాడు ఇంకొకరి గుర్తింపును అంటించి పంపగలడు.

ఇంకో సంగతి ఉంది. మూలం విదేశంలో ఉంటే, దేశంలో మొదట పంపినవారినే మూలకర్తగా భావించాలని నిబంధనే చెబుతోంది. దుబాయ్‌లో ఉన్న బావమరిది పంపిన వీడియోను "ఇది నిజమేనా?" అని నిజామాబాద్‌లో తమ్ముడికి పంపిన మనిషి, ఆ లెక్కన, దాన్ని పుట్టించినవాడవుతాడు.

గౌతమీతీరం

ఆదేశం రాగానే జైలుకు పంపరు కదండీ. మూలకర్త అని తేలడం దర్యాప్తుకు ఆరంభం మాత్రమే, ఉద్దేశం ఏమిటో కోర్టు చూస్తుంది. పైగా నిబంధన సందేశంలోని విషయాన్ని అడగడం లేదు. దేశభద్రత, శాంతిభద్రతలు, అత్యాచారం, పిల్లలపై లైంగిక నేరాల వంటి తీవ్ర నేరాలకే దాన్ని పరిమితం చేశారు, ఇంతకన్నా తక్కువ చొరబాటుతో పని జరిగేటప్పుడు ఆదేశం ఇవ్వకూడదనీ అందులోనే రాశారు.

మంజీర

కాగితం మీద రాసిన కట్టుబాట్లు వకీలు గారికి ఊరటనిస్తున్నాయి గానీ, 69వ సెక్షన్ దారిలో న్యాయమూర్తి ఎక్కడా కనబడరు. ఆదేశమిచ్చేది హోంశాఖ కార్యదర్శి, దాన్ని సమీక్షించేదీ కార్యదర్శుల కమిటీయే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా తేల్చిన తర్వాత కూడా ఇదే ఏర్పాటు నడుస్తోంది. మన దగ్గరి ఉదాహరణే చూడండి. ఫోన్ల ట్యాపింగ్‌కు నియమాలు ఎప్పటినుంచో ఉన్నాయి, అయినా తెలంగాణలో అక్రమంగా ఫోన్లు ట్యాప్ చేశారనీ, ఆధారాలున్న హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారనీ 2024 మార్చిలో కేసు నమోదై పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఆరోపణలు రుజువు కావాల్సే ఉంది. కానీ తలుపంటూ ఒకటి పెట్టాక దాని తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందన్న ప్రశ్న ఊహాజనితం కాదని చెప్పడానికి ఆ కేసు చాలు.

డాలస్_తెలుగు

ఇక్కడి అనుభవం కూడా మంజీర గారి మాటకే తోడవుతోంది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం టెలిఫోన్ సంస్థలు కోర్టు ఆదేశంతో సంభాషణలు వినడానికి వీలుగా ఏర్పాట్లు ఉంచుకోవాలి. చైనాకు చెందినవారిగా ఇక్కడి ప్రభుత్వం చెబుతున్న సాల్ట్ టైఫూన్ అనే ముఠా పెద్ద టెలికాం సంస్థల్లోకి చొరబడి, సరిగ్గా ఆ ఏర్పాట్లనే తాకినట్టు 2024లో బయటపడింది. ఎన్‌క్రిప్షన్ మీద పోలీసులు ఏళ్లతరబడి గొణుగుతూ వచ్చిన ఈ దేశంలోనే, ఆ డిసెంబరులో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఉన్నతాధికారులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లే వాడమని సలహా ఇచ్చింది.

పలమనేరు_టీచరమ్మ

సందేశాల గుట్టు విప్పకుండా జరిగిన పనులు కూడా ఉన్నాయి. 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకు కుదించారు. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. మా స్టాఫ్ గ్రూపులో వైద్యం చిట్కాల వరద తగ్గడం నేను గమనించాను. ఎవరైనా రిపోర్ట్ నొక్కితే ఆ చాట్‌లోని చివరి ఐదు సందేశాలు సంస్థకు చేరతాయి, ఎందుకంటే వాటిని అందజేసేది అందుకున్న మనిషి ఫోనే. ఇక సభ్యులకు ఒక మనవి: చాట్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ 2021 నుంచి అందుబాటులో ఉన్నా, దాన్ని మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. ఇంత చర్చా చేసి బ్యాకప్‌ను క్లౌడ్‌లో తెరిచి పెట్టుకునేవారే ఎక్కువని నా అనుమానం.

గౌతమీతీరం

మంజీర గారి అభ్యంతరాన్ని తీసుకుందాం. 69వ సెక్షన్ ప్రస్తావన తొలగించి, హైకోర్టు న్యాయమూర్తి ఆదేశం ఉంటేనే అని మార్చితే మీకు సమ్మతమేనా?

బిట్లు_బైట్లు

కాదండీ. రేపు ఏ సందేశం గురించి కోర్టు అడుగుతుందో ఈ రోజు ఎవరికీ తెలియదు కాబట్టి, సంస్థ అందరి సందేశాలకూ ముందుగానే గుర్తు వేసి దాచి ఉంచాలి. న్యాయమూర్తి కాపలా ఆ గుర్తులను తెరిచేటప్పుడు పనికొస్తుంది, పోగుచేసేటప్పుడు కాదు; సాల్ట్ టైఫూన్ లాంటివాళ్లు న్యాయమూర్తి దగ్గరికి రారు. గొలుసు తెగిపోతోందన్న మీ ఇబ్బందికి జవాబు ఫోన్ల ఫోరెన్సిక్ పరీక్షలోనూ, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్న వివరాలను కోర్టు ద్వారా త్వరగా తెప్పించుకోవడంలోనూ ఉంది. సందేశంలోకి తొంగిచూడకుండానే ఆ రెండూ సాధ్యమే.

గౌతమీతీరం

ఫోరెన్సిక్ నివేదిక నెలల తరబడి రాని కేసులు నా టేబుల్ మీదే ఉన్నాయి. అభ్యంతరకర చిత్రాలపై బాధితురాలు ఫిర్యాదు చేసిన కొన్ని గంటల్లోనే వాటిని తీసేయాలన్న నిబంధన బహిరంగ వేదికల్లో బాగానే పనిచేస్తుంది, ప్రైవేటు గ్రూపుల్లో చేతులు మారుతున్న ఫొటోను అది తాకలేదు. వదంతుల విషయంలో మీ వాదన బలమైనదే. మార్ఫింగ్ కేసులకు మాత్రం, మీరు చెప్పిన పరీక్షలు వారాల్లో పూర్తయ్యే ఏర్పాటు కంటికి కనబడేదాకా, నా పక్షం మార్చుకోలేను.