కుడికి తిరగలేని రోబోతో ప్రోగ్రామింగ్ నేర్పడమేంటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా): వేసవి క్లాసులో ఎనిమిదో తరగతి పిల్లలకి తెర మీద గళ్ళలో నడిచే కేరెల్ అనే రోబోతో మొదలెడదామంటున్నారు. దానికొచ్చినవి ఐదే: ఒక గడి ముందుకి, ఎడమకి తిరగడం, బీపర్ (గడిలో ఉంచే గుర్తు) తియ్యడం, పెట్టడం, ఆగిపోవడం. కుడికి తిరగడమే రాదు! నేరుగా పైథాన్ భాషే చెప్పేస్తే పోదా?

ఎడమచేయి (బరంపురం): 1981లో రిచర్డ్ పాటిస్ కేరెల్ గురించి రాసిన పుస్తకం నాటినుంచీ అంతేనండీ, కావాలనే. మూడుసార్లు ఎడమకి తిరిగితే కుడే. ఆ మూడు లైన్లకీ ఓ పేరు పెడితే అదే పిల్లాడి మొదటి ఫంక్షన్.

మహేంద్రతనయ: గిరగిరా తిరుగుతుంటే పిల్లలు నవ్వుతారు.

గుణుపురం గోపి: నవ్వనీండి, గుర్తుంటాది.

ఎడమచేయి: చిక్కు కుడి దగ్గర కాదు. ఐదు గళ్ళ వరసలో ప్రతి గడిలో బీపర్ పెట్టమనండి. ‘ముందు ఖాళీ ఉన్నంతసేపూ బీపర్ పెట్టు, జరుగు’ అని రాస్తారు. నాలుగే పడతాయి. ఐదో గడిలో ఎదురుగా గోడ, లూప్ (మళ్ళీ మళ్ళీ చేసే భాగం) అయిపోయింది. బయట ఇంకోసారి పెట్టాలి. వరస మార్చి ముందు జరిగితే మొదటి గడి ఖాళీ. తప్పు కళ్ళకి కనబడుతుంది.

మహేంద్రతనయ: విలువలు గుర్తుంచుకునే వేరియబుల్సే లేవు కదా. చిక్కుదారిలో గమ్యం వెతకాలంటే కుడిచేయి గోడకి ఆనించి నడవమంటారు. గమ్యం బయటిగోడకి అంటని గోడ పక్కనుంటే? చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే. తిరిగొచ్చానని ఎలా తెలుస్తుంది?

ఎడమచేయి: బయల్దేరిన గడిలో బీపర్ పెట్టండి. ఒక అడుగేశాకే వెతకాలి, లేదంటే అక్కడే ఆగిపోతుంది. పైథానే కావాలంటే కేరెల్ అందులోనూ నడుస్తుంది, ఆదేశాలకి తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు.

మహేంద్రతనయ: ‘టర్న్‌లెఫ్ట్’ అని కొట్టి చూశాను. ఎర్రర్.

గుణుపురం గోపి: ‘న్’ కింద ల ఒత్తు పడకుండా మధ్యలో కనబడని గుర్తొకటి ఉంటాది. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు. ‘ఎడమకి’ అనండి, గొడవ లేదు.

మహేంద్రతనయ: గొడవ లేదా? ఇక్కడి పిల్లలు బళ్ళో ఒడియా చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి అక్షరాలు రావు. మీ తెలుగు ఆదేశాలు చదివేదెవరు? బరంపురంలో కూర్చుని చెప్పడం తేలిక.

ఎడమచేయి: ఆ ముక్క ముందే అనొచ్చు కదండీ! కుడి, కుడి అని ఇంత లాగారు.

గుణుపురం గోపి: ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఎడమకి’ రాయిస్తే?

మహేంద్రతనయ: చివర ఐ ఒకడు, రెండు ఈలు ఇంకొకడు. అక్షరం తేడా వస్తే ఆ పేరే లేదంటుంది.

ఎడమచేయి: ఒడియా లిపిలోనే పెడదాం, పైథాన్ కాదనదు. ఐదు పదాలే, ఈ రాత్రికి చేసిపెడతాను.

మహేంద్రతనయ: పెట్టండి. పనిలోపని, కుడికి తిరగడం కూడా అందులో పడెయ్యండి.