ముందు బ్రేకు నొక్కితే హ్యాండిల్ కింద టక్ టక్: సైకిల్ హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) లూజు పోవట్లేదు

ఘాటీ_జయపురం:
అందరికీ నమస్కారం. మాది కోరాపుట్ జిల్లా జయపురం. సైకిల్ మీద ఘాటీ (కొండ దారి) దిగుతూ ముందు డిస్క్ బ్రేకు నొక్కితే హ్యాండిల్ కింద టక్ టక్ అంటోంది. గుంతల్లో మరీ ఎక్కువ. ఈమధ్య షాపులో హ్యాండిల్ కాస్త దించమన్నాను, అప్పట్నుంచే ఈ గోల. మళ్లీ తీసుకెళ్తే పైమూత బోల్టు బలంగా బిగించి ఇచ్చారు. అయినా అంతే. ఇక్కడ మేస్త్రీలకి పైన పెద్ద నట్టుండే పాత ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే చీలిక భాగం) బాగా తెలుసు. నాది మరలు లేని రకం. లారీల పక్కన దిగాలంటే భయమేస్తోంది.

పెడల్_పార్వతీపురం:
కింది బేరింగులో వాన నీళ్లు దిగి ఉంటాయి తమ్ముడూ. రెండు బేరింగులూ మార్చెయ్.

రాయగడ_మావయ్య:
బేరింగులు కొనే ముందు ఒక్కమాట విను బాబూ. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపు. రెండో చేతి వేలు ఫ్రేమూ ఫోర్కూ కలిసే సందు మీద పెట్టు. అక్కడ కదిలితే వేలికే తెలుస్తుంది. డిస్క్ ప్యాడ్లు కూడా కొంచెం ఆడతాయి గనక, హ్యాండిల్ పూర్తిగా పక్కకి తిప్పి ఇంకోసారి ఊపి చూడు. అప్పుడూ ఆడితే అది హెడ్‌సెట్టే.

ఇక అసలు సంగతి. పైమూత బోల్టు ఫోర్కుని పట్టి ఉంచదు. స్టెమ్‌నీ (హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి బిగించే ముక్క), స్పేసర్లనీ (ఆ గొట్టానికి వేసే రింగులు) కిందికి నొక్కి బేరింగుల మధ్య ఖాళీ తీసేయడమే దాని పని. పట్టి ఉంచేవి స్టెమ్ పక్క బోల్టులు. అవి బిగిసి ఉండగా పైది ఎంత తిప్పినా స్టెమ్ కిందికి జరగదు.

నా అనుమానం నువ్వు దించమన్న హ్యాండిల్ మీదే. స్టెమ్ కింద నుంచి స్పేసర్ తీస్తే, దాన్ని స్టెమ్ పైన పెట్టాలి. పెట్టకపోతే ఫోర్కు గొట్టం పైకొచ్చి మూతకి తగులుతుంది. బోల్టు బిగిసినట్టే ఉంటుంది గానీ బేరింగు మీద పట్టు రాదు. మూత తీసి చూడు. గొట్టం అంచు, పైన ఉన్న స్పేసర్ అంచుకన్నా 3 మి.మీ. లోతున ఉండాలి.

సరిచేశాక స్టెమ్ పక్క బోల్టులు రెండూ వదులు చెయ్. 5 నంబరు ఎలన్ కీతో పైమూత బోల్టు కొంచెం కొంచెంగా తిప్పు. ఆట (వదులు కదలిక) పోగానే ఆపెయ్. ముందు చక్రం ఎత్తితే హ్యాండిల్ తేలిగ్గా అటూ ఇటూ పడాలి. పట్టేస్తే ఎక్కువ బిగించావన్నమాట. తర్వాత చక్రం, హ్యాండిల్ సూటిగా చూసుకుని పక్క బోల్టులు ఒకటి మార్చి ఒకటి బిగించు. స్టెమ్ మీద అచ్చేసిన లెక్క దాటొద్దు, చాలావాటికి 5 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, బిగింపు కొలత). లూజుతో ఘాటీ దిగకు బాబూ, ఆ దెబ్బలకి మంచి బేరింగు కూడా గుంతలు పడి పోతుంది.

ఘాటీ_జయపురం:
మావయ్యగారూ, మూత తీస్తే గొట్టం స్టెమ్ అంచుకి సమంగా ఉంది! షాపువాళ్లు తీసిచ్చిన స్పేసర్ పైన వేసి మీరు చెప్పినట్టే బిగించాను. ఆట పూర్తిగా పోయింది, హ్యాండిల్ మెత్తగా తిరుగుతోంది. ఆ రోజు బలంగా బిగించారు కదా, లోపల ఏమైనా పాడై ఉంటుందా?

రాయగడ_మావయ్య:
గొట్టం లోపల నక్షత్రం ఆకారంలో నట్టు ఉంటుంది, బోల్టు దాన్నే పట్టుకుంటుంది. అది పైకి జారి ఉంటే, బోల్టు తిరుగుతూనే ఉంటుంది గానీ బిగువు రాదు. నీకు ఆట పోయిందంటే అది పట్టే ఉంది. రెండు మూడు రైడ్లయ్యాక వేలు పెట్టి ఒకసారి చూసుకో.