"రెండింతలు" అందామా, "రెండు రెట్లు ఎక్కువ" అందామా: గ్రాఫిక్స్ కార్డుల లెక్కలో ఒక మాట

మిర్యాలగూడ తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. అతని దగ్గర పాత జీటీఎక్స్ 1060 ఉంది, అంటే కంప్యూటర్‌లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు. షాపులో "దీనికంటే ఆర్‌టీఎక్స్ 4060 రెండు రెట్లు ఎక్కువ స్పీడ్" అన్నారట. మరి పాతదాంట్లో సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు) వచ్చే ఆటకు కొత్తదాంట్లో 120 వస్తాయా, 180 వస్తాయా అని అడిగాడు. మిగతావాళ్లందరూ అతనికి కార్డు కొనాలా వద్దా అన్నదే చెప్పారు. అతను అడిగింది మాట గురించి.

"రెండు రెట్లు" అంటే 120. ఇందులో అనుమానం లేదు. పక్కన "ఎక్కువ" చేరగానే చిక్కు మొదలవుతుంది. ఎక్కువ అంటే ఉన్నదాని పైన చేరింది. 60 పైన ఇంకో రెండు అరవైలు చేరితే 180. అనేవాళ్ల ఉద్దేశం చాలాసార్లు 120 అయినా, విన్నవాడు 180 అనుకుంటే తప్పు అతనిది కాదు, వాక్యానిది.

మా నల్లగొండ పల్లెల్లో మాట్లాడే తీరులో ఈ చిక్కు లేదు. "మా చెలకకు వాళ్ల చెలక రెండింతలుంటది" అంటారు (చెలక అంటే మెట్ట పొలం). పోల్చే కొలత "ఇంత" రూపంలో ఆ మాటలోనే ఉంది: ఇది ఇంత, అది ఇలాంటివి రెండు. ఇంకో సంగతి, అక్కడ విభక్తి "కు". "చెలక కంటే" అనలేదు, "చెలకకు" అన్నారు. "కంటే" వస్తే దాని వెనక ఎక్కువో తక్కువో రావాలని చెవి ఎదురుచూస్తుంది. "కు" వస్తే ఎన్నింతలో చెప్తే సరిపోతుంది. అందుకే నేను పాటించే పద్ధతి ఇది: ఇంతలు, రెట్లు చెప్పేటప్పుడు "కి, కు" వాడాలి. ఎంత ఎక్కువో తేడా చెప్పేటప్పుడు "కంటే" వాడాలి. "1060కి ఇది రెండింతలు" సరైన వాక్యం, "1060 కంటే 60 ఫ్రేములు ఎక్కువ" కూడా సరైన వాక్యమే. రెండిటినీ కలిపేస్తేనే తమ్ముడికి వచ్చిన అనుమానం వస్తుంది.

పాత తెలుగులో దీనికి ఇనుమడి, ముమ్మడి అనే చక్కని మాటలున్నాయి. "మడి" అంటే ఇక్కడ రెట్టు అనే అర్థం. ఇప్పటికీ పత్రికల్లో ఉత్సాహం ఇనుమడించింది అని రాస్తారు, ఇబ్బడిముబ్బడిగా అనీ అంటాం. వేగానికి కూడా ఇనుమడి వాడుకోవచ్చని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఒక ఇబ్బంది మాత్రం ఉంది, దశాంశాలు. 1.4 ఇంతలు అంటే చెవికి ఇంపుగా ఉండదు, అక్కడ రెట్లే నయం.

ఆ దశాంశాలు ఈ రెండు కార్డుల దగ్గరే కావాలి. జీటీఎక్స్ 1060 ఆరు జీబీ కార్డు 2016 జులైలో వచ్చింది, ఆర్‌టీఎక్స్ 4060 2023 జూన్‌లో. లెక్కలు చేసే శక్తి చూస్తే పాతది సుమారు 4.4 టెరాఫ్లాప్స్, కొత్తది సుమారు 15 (సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేస్తే ఒక టెరాఫ్లాప్). అంటే 3.4 రెట్లు. మెమరీ నుంచి డేటా అందే వేగం పాతదానికి సెకనుకు 192 జీబీ, కొత్తదానికి 272. అంటే 1.4 రెట్లు. మెమరీ ఆరు నుంచి ఎనిమిది జీబీ అయింది, ఇది రెట్టింపు దరిదాపుల్లో కూడా లేదు. కరెంటు మాత్రం 120 వాట్ల నుంచి 115కి తగ్గింది. ఒకే జత కార్డులకు ఇన్ని రకాల జవాబులున్నప్పుడు "ఎన్నింతలు" అనే ముందు "ఏది" అన్నది చెప్పాలి. కొత్తదాంట్లో చిప్ లోపలి క్యాష్ (తరచూ కావాల్సిన డేటాను దగ్గరే ఉంచుకునే చిన్న మెమరీ) బాగా పెద్దది, అందుకే మెమరీ వేగం అంతగా పెరగకపోయినా ఆటల్లో అది పెద్దగా వెనకబడదు. ఆటల్లో తేడా 1.4కూ 3.4కూ మధ్యలో ఉంటుంది, ఆటను బట్టి మారుతుంది. షాపువాళ్ల "రెండు" ఆ లెక్కకు దగ్గరగానే ఉంది, కాకపోతే "ఎక్కువ" తీసేయాలి.

శాతాల్లో ఇంకో చిక్కు ఉంది, ఇది చదువుకున్నవాళ్లను కూడా తికమక పెడుతుంది. 2017లో వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐకి 250 వాట్లు, 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు. పాతదానికంటే కొత్తది 32 శాతం తక్కువ తింటుంది. కొత్తదానికంటే పాతది 47 శాతం ఎక్కువ తింటుంది. రెండూ నిజమే, తేడా అదే 80 వాట్లు. ఏది ఆధారమో "కంటే"కు ముందున్న మాట చెప్తుంది కాబట్టి దాన్ని మింగేయొద్దు. "32 శాతం తక్కువ" అని ఊరికే వదిలేసిన వాక్యం నా దృష్టిలో సగం వాక్యమే. ఈ రెండు కార్డుల్లోనూ క్యూడా కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న భాగాలు) సరిగ్గా 3584. అంకె ఒకటే అయినా కోరు లోపలి నిర్మాణం మారింది కాబట్టి, వేర్వేరు తరాల కార్డులను కోర్ల సంఖ్యతో "సమానం" అనడం చెల్లదు.

ఇక "అంత" సంగతి. 2025 జనవరిలో ఈ కార్డుల చిప్‌లు తయారుచేసే ఎన్విడియా కంపెనీ అధినేత జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070కి అంతకుముందు తరంలో పై స్థాయి కార్డైన 4090 అంత పనితీరు ఉంటుందని వేదిక మీద ప్రకటించారు. 4090లో 16384 కోర్లు, 5070లో 6144. ఆ "అంత" నిలబడింది ఎన్విడియా ఏఐ సాంకేతికత అయిన డీఎల్‌ఎస్‌ఎస్ 4 మీద. అందులో కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేముకు మూడు వరకు ఫ్రేములను ఏఐ తయారుచేసి కలుపుతుంది. తెర మీద కదలిక నున్నగా కనిపిస్తుంది, అది నిజమైన లాభమే. మౌస్ కదిపితే ఆట స్పందించే వేగం మాత్రం గీసిన ఫ్రేములను బట్టే ఉంటుంది. కాబట్టి తెలుగులో రాసేవాళ్లు "గీసిన ఫ్రేములు", "కలిపిన ఫ్రేములు" అని విడదీసి రాయాలని నా మనవి. రెండిటినీ ఉత్త "ఫ్రేములు" అని రాస్తే, కొత్త కార్డుల గురించి చదివేవాళ్లకు ఏ "ఇంత"కు ఎన్నింతలో ఎప్పటికీ తెలియదు.

తమ్ముడూ, షాపులో ఈసారి ఇలా అడుగు: "నేను ఆడే ఆటలో, నా మానిటర్ రిజల్యూషన్‌లో, నా 1060కి ఇది ఎన్నింతలు? కలిపిన ఫ్రేములు వదిలేసి చెప్పండి." నీ ప్రాసెసర్ కూడా 1060 కాలం నాటిదే అయితే అది కూడా వాళ్లకు చెప్పు, పాత ప్రాసెసర్ చాలా ఆటల్లో కొత్త కార్డును పూర్తి వేగంతో పనిచేయనివ్వదు.