పాకాల లైన్ బ్రిడ్జి కొలత: బోర్డును నమ్మాలా, శాటిలైట్‌ను నమ్మాలా?

పాకాల_ప్యాసింజర్: ఓపెన్ రైల్స్ (రైలు సిమ్యులేటర్ గేమ్)లో తిరుపతి–పాకాల–కాట్పాడి రూట్ చేస్తున్నా. ఒక వాగు మీద గిర్డర్ బ్రిడ్జి దగ్గర ఆగిపోయా. రోడ్డు మీద నిలబడి జూమ్ చేస్తే బ్రిడ్జి బోర్డు మీద 5×18.30 మీ. అని రాసుంది, ఐదు స్పాన్లన్నమాట. అంటే 91.5. గూగుల్ ఎర్త్‌లో కొలిస్తే ఈ అబట్‌మెంట్ (బ్రిడ్జి చివరి గోడ) నుంచి ఆ అబట్‌మెంట్‌కు 99 వస్తోంది. ఏడున్నర మీటర్లు యాడికి పోయాయి సామీ?

మీటర్‌గేజ్_మామ: శాటిలైట్‌ను నమ్ముకున్నవాళ్లకు అంతే. ఫోటో ఏటవాలుగా తీస్తారు, ఎత్తులో ఉన్న బ్రిడ్జి పక్కకు జరిగి కనిపిస్తుంది. దాని మీద స్కేల్ లాగితే కొలత వస్తుందా?

రేణిగుంట_లోకో: మామా, పక్కకు జరిగితే రెండు చివర్లూ ఒకే వైపు జరుగుతాయి. పొడవు ఎందుకు మారుతుంది? అనుమానముంటే యార్డులో ఆగిన ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం) కోచ్‌ల రైలును కొలవండి. కప్లర్ నుంచి కప్లర్‌కు కోచ్ 24 మీటర్లు. పది కోచ్‌లకు 240 వస్తే స్కేల్ సరిగ్గా ఉన్నట్టే.

ఇక ఆ ఏడున్నర. 18.3 అంటే క్లియర్ స్పాన్, పాతకాలం 60 అడుగులు. పియర్ (మధ్య స్తంభం) ముఖం నుంచి పియర్ ముఖానికి ఉన్న ఖాళీ. పియర్ల మందం అందులో లేదు. ఐదు స్పాన్లకు నాలుగు పియర్లు, 7.5ను నాలుగుతో భాగిస్తే ఒక్కోటి 1.87. బోర్డూ కరెక్టే, శాటిలైటూ కరెక్టే.

స్లీపర్_కోచ్_ఎస్7: నేను స్పాన్‌కు 20 పెట్టేసి ముందుకు పోతా. రైలు ఆగదు కదా.

మీటర్‌గేజ్_మామ: 18.3 గిర్డర్ చేసిపెడితే ఏమవుతుందో చెప్పలేదే? దానికి కూర్చోవడానికి చోటే ఉండదు, వాగులో పడుతుంది. బేరింగ్ (పియర్ మీద గిర్డర్ కూర్చునే దిమ్మ) నుంచి బేరింగ్‌కు 19.4 ఉండాలి. గిర్డర్ అంతకంటే ఇంకాస్త పొడవు.

రేణిగుంట_లోకో: 19.4 కాదని ఎవరన్నారు? అడిగింది మొత్తం పొడవు గురించి.

మీటర్‌గేజ్_మామ: 19.4 అని మీరు అనలేదు. నేను అన్నాను.

కుప్పం_కుర్రోడు: బల్ల మీద మోడల్ చేసేవాళ్లకు 1:87 స్కేల్‌లో ఈ 18.3కూ 19.4కూ ఉన్న 1.1 మీటర్ తేడా ఒకటింబావు సెంటీమీటరు. అందుకేనా ఈ కొట్లాట?

మీటర్‌గేజ్_మామ: నీకు ఒకటింబావు సెంటీమీటరు బాబూ. నేను ఎండాకాలం ఎండిన వాగులో దిగి 30 మీటర్ల టేపుతో కొలిచాను. మా అక్క కొడుకు అవతల కొస పట్టుకున్నాడు. ఇసుక కాలుతుంటే వాడు ఒంటికాలి మీద ఎగురుతున్నాడు, టేపు ఊగుతోంది. ఒక్కో కొలతా మూడుసార్లు తీసి నోటుబుక్కులో రాశా. మీరు ఏసీలో కూర్చుని మౌస్ లాగుతున్నారు.

రేణిగుంట_లోకో: కొత్త పిల్లలు చదువుతున్నారు మామా. రైల్వే స్థలంలో అనుమతి లేకుండా తిరిగితే రైల్వే చట్టం సెక్షన్ 147. ఆరు నెలల జైలు దాకా ఉంది.

మీటర్‌గేజ్_మామ: నేను పట్టాలెక్కలేదు. వాగులో నిలబడ్డా. మీరు నన్ను దొంగ అంటున్నారా?

పాకాల_ప్యాసింజర్: ఒక్క నిమిషం. మామా, ఈ బ్రిడ్జిని మీరు కొలిచారా? ఆ నోటుబుక్కు ఉందా? పొద్దున్నుంచి నేను తల బద్దలు కొట్టుకుంటుంటే…

మీటర్‌గేజ్_మామ: ఉంది. ఈ లైన్లో పదకొండు బ్రిడ్జిల కొలతలు అందులో ఉన్నాయి.

రేణిగుంట_లోకో: మరి ఇవ్వొచ్చు కదా! ఇంతసేపు శాటిలైట్‌ను తిట్టడం దేనికి?

మీటర్‌గేజ్_మామ: ఒకసారి ఇచ్చా. ఆరు నెలలకు వేరేచోట ఒకడి పేరుతో రూట్ వచ్చింది. నేను ఒక పియర్‌కు పొరపాటున 10 సెంటీమీటర్లు ఎక్కువ రాశా, అది కూడా అలాగే ఉంది. ‘నా సొంత సర్వే’ అని పెట్టుకున్నాడు. అడిగితే కొలతలకు ఓనర్ ఎవరండీ అన్నాడు.

కుప్పం_కుర్రోడు: అతను అన్నదీ నిజమే కదా. బ్రిడ్జి రైల్వేది.

మీటర్‌గేజ్_మామ: కాలింది మా వాడి కాలు.

రేణిగుంట_లోకో: అది ముందే చెప్పుంటే నేను సెక్షన్ల దాకా పోయేవాణ్ణి కాదు మామా. దొంగ అని మిమ్మల్ని అనలేదు. కానీ ఎవడో చేసినదానికి ఈ పిల్లోణ్ణి ఎండలో నిలబెట్టడం బాలేదు.

పాకాల_ప్యాసింజర్: మీ పేరూ మీ మేనల్లుడి పేరూ రూట్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్లో మొదటి లైన్లో పెడతా.

మీటర్‌గేజ్_మామ: రీడ్‌మీ ఎవడు చదువుతాడు? లోడింగ్ స్క్రీన్ మీద పెట్టి చూపించు, అప్పుడు మాట్లాడదాం.

పాకాల_ప్యాసింజర్: సరే. అంతవరకు అన్ని పియర్లకూ 1.87 పెట్టేస్తున్నా.

మీటర్‌గేజ్_మామ: నాలుగూ ఒకే మందం అని నీకెవరు చెప్పారు?